గుంటూరు గ్రహణం నుంచి జేబులో కెమెరా దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాయవలసిందని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. పెన్షను సవరణల గురించీ, వైద్య సదుపాయాల గురించీ సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నా పాత సరదా అయిన ఫోటోగ్రఫీ గురించి నాలుగు మాటలు రాస్తానని ఒప్పుకున్నాను. మన సభ్యులలో అనేకమందికి పిల్లలు కొనిచ్చిన డిజిటల్ కెమెరాలు ఉన్నాయి. ఎక్కువ భాగం బీరువాలో పట్టుచీరల పక్కన భద్రంగా ఉన్నాయి. వాటిని ఒకసారి బయటికి తీసి చూడండి. అందులో రెండు ఏర్పాట్లు కనిపిస్తాయి. ఒకటి, మీట నొక్కి పట్టుకుంటే టకటకమని వరుసగా ఫోటోలు తీసుకుంటూ పోయేది. దీనిని కంటిన్యువస్ షూటింగ్ అంటారు. ఒకదాని వెనుక ఒకటి పేర్చిన పలకల బొమ్మ దాని గుర్తు. రెండవది బ్రాకెటింగ్. ఒకే దృశ్యాన్ని కెమెరా మూడు సార్లు తీస్తుంది. తనకు సరి అని తోచిన వెలుతురుతో ఒకటి, అంతకు తక్కువతో ఒకటి, అంతకు ఎక్కువతో ఒకటి.

ఈ రెండూ కుర్రకారు దుబారా కోసం పెట్టినవని నేను చాలాకాలం అనుకున్నాను. 36 ఫోటోల రీలును సంక్రాంతి నుంచి దసరా దాకా పొదుపుగా వాడిన తరం మనది. అలా అనుకోవడంలో వింత లేదు. కాని వాటి చరిత్ర చదివిన మీదట నా అభిప్రాయం తలకిందులైంది. ఇవి దుబారా నుంచి పుట్టలేదు. ఒక్కటే అవకాశం ఉండి, అది తప్పితే మళ్ళీ దొరకదని తెలిసినవాళ్ళ ఆదుర్దా నుంచి పుట్టాయి. ఆ చరిత్రలో గుంటూరు ఉంది, కాకినాడ ఉంది, పాలమూరు కూడా ఉంది.

ముందుగా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం మన వాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జనం తలుపులు బిగించుకుని ఇళ్ళలో కూర్చున్నారు. వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి. అప్పుడు నా ఉద్యోగం నల్లగొండలో. నా సహోద్యోగి, ప్రాణమిత్రుడు ఒకాయన దగ్గర రష్యా వాళ్ళ జెనిత్ కెమెరా ఉండేది. ఎవరినో బతిమాలి 135 ఎం.ఎం. లెన్సు ఎరువు తెచ్చాడు. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము ఎక్కించాడు. ఇద్దరమూ మేడ మీదికి చేరాము. మూడున్నర దాటిన తరువాత వెలుతురు ఒక్కసారిగా పోయింది. కాకులు గూళ్ళకు మళ్ళాయి. సూర్యుడు ఉన్నచోట నల్లని పళ్ళెం, దాని చుట్టూ తెల్లని కిరీటం. సుమారు రెండు నిమిషాలు. ఆ కాస్త సమయంలో చేతులు వణుకుతున్నా ఆయన ఐదు ఫోటోలు తీశాడు. తరువాత కడిగించి చూస్తే ఐదింటిలోనూ నల్లని చుక్క, చుట్టూ వెంట్రుక మందాన తెల్లని గీత, అంతే. మేము కళ్ళారా చూసిన కిరీటం ఒక్కదానిలోనూ లేదు. ఐదూ ఒకే సెట్టింగు మీద, సెకనులో 250వ వంతు మీద తీశాడు పాపం. ఉత్సాహంలో మార్చాలన్న ధ్యాస రాలేదు. నాకూ రాలేదు.

ఆయన తీసినది కంటిన్యువస్ షూటింగే. చేయనిది బ్రాకెటింగ్. ఈ తేడా నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

వెలుతురు సంగతి ముందు చూద్దాం. మన కన్ను గది మూలనున్న చీకటినీ, కిటికీ బయటి ఎండనూ ఒకే చూపులో సర్దుకుంటుంది. ఫిల్ముకు గాని, కెమెరాలోని సెన్సారుకు గాని అంత సత్తువ లేదు. గదికి సరిపోయేట్టు తీస్తే కిటికీ తెల్లని కాగితం అవుతుంది. కిటికీకి సరిపోయేట్టు తీస్తే గది బొగ్గు అవుతుంది. ఫోటోగ్రఫీ పుట్టిన కొత్తలోనే ఈ చిక్కు ఎదురైంది. 1856, 57 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన గుస్టావ్ లె గ్రే సముద్రపు దృశ్యాలు తీస్తూ ఉపాయం కనిపెట్టాడు. ఆకాశానికి ఒక నెగటివు, నీటికి వేరొక నెగటివు తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. నిన్నమొన్నటి కంప్యూటరు విద్య అని మనం అనుకునే దానికి తాత ఆయనే.

ఆకాశం, సముద్రం ఎక్కడికీ పోవు. గ్రహణం అలా కాదు, దాని ఇబ్బంది మరింత పెద్దది. సూర్యుడి చుట్టూ కనపడే కాంతి కిరీటాన్ని కరోనా అంటారు. ఈ పేరు వినగానే ఇప్పుడు అందరికీ మాస్కులు గుర్తుకు వస్తాయి. ఆ వైరసుకు ఆ పేరు పెట్టినది కూడా ఈ కిరీటంతో పోలిక చూసే. ఈ కిరీటం సూర్యుడి అంచు దగ్గర ఎంత కాంతిగా ఉంటుందో, కాస్త దూరం పోయేసరికి అందులో వెయ్యోవంతు కూడా ఉండదు. లోపలి భాగానికి సెకనులో కొన్ని వందలవ వంతు చాలు. బయటి రేకలకు ఒక సెకనైనా కావాలి. ఏ ఒక్క ఫోటోలోనూ రెండూ పడవు. దీని మొదటి చక్కని ఫోటో 1851 జూలై 28న కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ అనే ఆయన తీశాడు. ప్లేటుకు 84 సెకన్లు వెలుతురు ఇచ్చాడు. ఒకే ప్లేటు, ఒకే ప్రయత్నం. అదృష్టం బాగుండి వచ్చింది.

ఇక మన గుంటూరు. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ గ్రహణం కోసం యూరపు శాస్త్రజ్ఞులు మన తీరానికి వచ్చారు. గుంటూరులో ఒకవైపు మేజర్ టెన్నెంట్ నాయకత్వాన బ్రిటిషు బృందం, మరొకవైపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. అదే వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వేరొక బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. గుంటూరులో సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా సాగింది. టెన్నెంట్ బృందం ఫోటోలు తీసే పనిలో ఉంది. ఆ రోజులలో ఫోటో అంటే గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే వెలుతురు చూపి, వెంటనే డేరాలో కడగాలి. ఆగస్టు నెల ఉక్కలో, మబ్బుల మధ్య, ఆ ఐదు నిమిషాలలో వారు ఆరు ప్లేట్లు సాధించారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలు వాటిలో బాగా పడ్డాయి. అందులో ఒక పెద్ద జ్వాలకు కొమ్ము అని పేరు కూడా వచ్చింది. కిరీటం మాత్రం సరిగా పట్టుబడలేదు. నల్లగొండ మేడ మీద మాకు జరిగినదే నూటపన్నెండేళ్ళ ముందు గుంటూరులో వారికీ జరిగిందన్నమాట. ఈ సంగతి చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. కిరీటం మంచి ఫోటోలకు 1871 డిసెంబరు 12 నాటి గ్రహణం దాకా ఆగవలసి వచ్చింది. అవి కూడా దక్షిణ భారతంలోనే, నీలగిరి కొండలలోనూ, మలబారు తీరాన బేకల్‌లోనూ తీసినవి.

జాన్సెన్ గుంటూరులో ఫోటోల జోలికి పోలేదు. రంగులను విడదీసే స్పెక్ట్రోస్కోపుతో జ్వాలలను పరిశీలించాడు. వాటి కాంతి రేఖలు ఎంత ప్రకాశంగా కనపడ్డాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని అప్పటికప్పుడే ఆయనకు తోచింది. ఆనాడు మబ్బు అడ్డుపడింది. మరునాడు ఉదయం సూర్యుడు పొడవగానే ప్రయత్నించి సాధించాడు. తరువాత పదిహేడు రోజులు విడవకుండా పరిశీలించాడు. ఆ వార్తను సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరం రాసి పంపాడు. ఆ ఉత్తరం సముద్రాలు దాటి పారిస్ అకాడమీకి చేరేసరికి అక్టోబరు నెలాఖరు వచ్చింది. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న అదే పద్ధతిని స్వతంత్రంగా కనిపెట్టాడు. రెండు వార్తలూ అకాడమీలో ఒకే రోజున చదివారు. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం వేయించి తగువు రాకుండా చేసింది. హీలియం వాయువును గుంటూరులోనే కనుగొన్నారని మన పత్రికలు అప్పుడప్పుడు రాస్తుంటాయి. అది అంత సూటిగా జరిగిన పని కాదు. ఆ పసుపుపచ్చ రేఖ కొత్త మూలకానిది అన్న వాదన లాకియర్‌ది. అది రుజువైనది 1895లో. గుంటూరుకు దక్కవలసిన ఘనత వేరే ఉంది. ఐదు నిమిషాల అవకాశాన్ని ప్రతిరోజూ దొరికే అవకాశంగా మార్చిన పద్ధతి అక్కడ పుట్టింది.

ఈ జాన్సెన్ మహా పట్టుదల మనిషి. చిన్నతనాన జరిగిన ప్రమాదం వల్ల జీవితమంతా కుంటుతూ నడిచాడు. 1870 డిసెంబరులో పారిస్‌ను జర్మను సైన్యాలు చుట్టుముట్టి ఉండగా, అల్జీరియాలో గ్రహణం చూడడానికి బెలూను ఎక్కి శత్రువుల తలల మీదుగా ఎగిరిపోయాడు. తీరా అక్కడికి చేరితే గ్రహణం వేళకు మబ్బు కమ్మింది! మరుసటి ఏడు మళ్ళీ మన నీలగిరులకు వచ్చి చూసి వెళ్ళాడు.

ఇటువంటి దెబ్బలు తిన్నవాడికే వరుస ఫోటోల ఆలోచన తట్టడం సహజం. 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా పోవలసి ఉంది. అది అంచును తాకే క్షణాన్ని సరిగా పట్టుకుంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్క కట్టవచ్చు. కాని ఆ క్షణం ఏదో ఏ ఇద్దరి కళ్ళూ ఒకేలా చెప్పవు. సరైన క్షణం ముందుగా తెలియదు కనుక, ఆ ముందూ వెనుకా ఉన్న క్షణాలన్నీ పట్టేస్తే సరి అని జాన్సెన్ అనుకున్నాడు. రివాల్వరు తూటాల చక్రంలాగా తిరిగే పలక ఒకటి అమర్చి, గడియారపు యంత్రంతో 72 సెకన్లలో 48 బొమ్మలు పడేట్టు చేశాడు. అంటే సెకనున్నరకు ఒకటి. దానికి ఫోటోగ్రాఫిక్ రివాల్వరు అని పేరు. దానితో జపాను వెళ్ళాడు. మీ కెమెరాలో ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే పలకల బొమ్మకు మూలపురుషుడు ఈయనే అని నా ఉద్దేశం.

లోకంలో ఎక్కువ పేరు వచ్చినది మాత్రం మైబ్రిడ్జ్‌కు. కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు గుర్రాల పిచ్చి. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అన్నది ఆయన సందేహం. దీని మీద పెద్ద పందెం కాశాడని చెప్పే కథకు ఆధారం లేదు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలు వరుసగా నిలిపి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం పరుగెత్తుతూ దారం తెంపినప్పుడల్లా ఒక కెమెరా మీట పడింది. నాలుగు కాళ్ళూ నేల విడిచే మాట నిజమేనని తేలింది. అయితే చిత్రకారులు వేసినట్టు కాళ్ళు ముందుకూ వెనుకకూ బార్లా చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. తరువాత స్టాన్‌ఫర్డ్ ఆ ఫోటోల ఆధారంగా పుస్తకం వేయించి, ముఖపత్రం మీద మైబ్రిడ్జ్ పేరు లేకుండా చేశాడు. ఆయన కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. పని ఒకరిది, సంతకం పైవారిది. ఉద్యోగాలు చేసిన మనకు ఇది కొత్త విషయం కాదు.

1882లో మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ రివాల్వరును తుపాకీగా మార్చి, సెకనుకు 12 చొప్పున ఎగిరే పక్షులను తీశాడు. అక్కడి నుంచి దారి సినిమాకు పోయింది. మామూలు కెమెరాలోకి ఈ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. 1934లో జర్మనీలో స్ప్రింగు తిప్పితే వరుసగా తీసే రోబో అనే కెమెరా వచ్చింది. 1959 నాటి నికాన్ ఎఫ్‌కు తగిలించే మోటారు సెకనుకు మూడు నాలుగు ఫోటోలు లాగేది. ఆ మోటారు మన ఊళ్ళ స్టూడియోలలో చూసిన గుర్తు నాకు లేదు. ఒక్క నిమిషంలో రీలంతా అయిపోయే యంత్రాన్ని మన స్టూడియో యజమాని ఎవరు కొంటారు?

బ్రాకెటింగ్ మాత్రం యంత్రం అక్కరలేని విద్య. ఫిరంగి దళంలో ఈ మాట ఉంది. ఒక గుండు లక్ష్యానికి అవతల పడుతుంది, మరొకటి ఇవతల పడుతుంది, మూడవది ఆ రెంటికీ నడుమ వేస్తారు. అనుభవం ఉన్న ఫోటోగ్రాఫరు ముఖ్యమైన దృశ్యానికి అదే పని చేసేవాడు. సరి అనుకున్నది ఒకటి, ఒక మెట్టు కింద ఒకటి, ఒక మెట్టు పైన ఒకటి. మెట్టు అంటే వెలుతురు రెట్టింపు గాని, సగం గాని. 1987లో వచ్చిన కానన్ ఈఓఎస్ 620లో ఈ పనిని కెమెరాయే స్వయంగా చేసే ఏర్పాటు పెట్టారు.

మళ్ళీ 1980 ఫిబ్రవరి 16కు వద్దాం. మేము మేడ మీద అవస్థ పడుతున్న ఆ మధ్యాహ్నమే, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్ రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు అదే గ్రహణాన్ని పరిశీలిస్తున్నారు. పాలమూరు జిల్లా పాలెంలో అమెరికాకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వారు విడిది చేశారు. వారి వద్ద న్యూకర్క్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించిన కెమెరా ఉంది. అందులో ఒక విచిత్రమైన అద్దం ఉంటుంది. నడుమ ముదురు రంగు, అంచుకు పోయేకొద్దీ తేట. సూర్యుడి దగ్గరి కాంతిని అద్దం అణుస్తుంది, దూరపు మసక రేకలను వదిలేస్తుంది. బ్రాకెటింగ్ అంతా ఒక్క ఫోటోలోనే జరిగిపోతుందన్నమాట. ఆనాడు పాలెంలో తీసిన కిరీటం ఫోటో శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. సూర్యుడి చుట్టూ అన్ని దిక్కులకూ విచ్చుకున్న రేకలు, పొద్దుతిరుగుడు పువ్వులాగా. దానిని మొదటిసారి చూసినప్పుడు, ఇదే కదా మేము చూసింది అని ఒక్కడినే కాసేపు కూర్చుండిపోయాను. అప్పటికి నా మిత్రుడు లేడు.

డిజిటల్ కెమెరా వచ్చాక ఈ రెండు విద్యలూ ఒక గూటికి చేరాయి. దాని పుట్టుక మాత్రం నత్తనడకే. 1975లో కొడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ తయారు చేసిన మొదటి నమూనా ఒక్క ఫోటోను క్యాసెట్టు మీద ఎక్కించుకోవడానికి 23 సెకన్లు తీసుకునేది. జాన్సెన్ రివాల్వరు అంత సేపట్లో పదిహేను తీసేది! తరువాత కెమెరాలో తాత్కాలిక జ్ఞాపక స్థలం పెట్టారు. ఫోటోలు ముందు అందులో పడి, తరువాత నెమ్మదిగా కార్డులోకి పోతాయి. మీరు మీట నొక్కి పట్టుకుంటే కాసేపు జోరుగా తీసి, తరువాత డీలా పడేది ఈ స్థలం నిండిపోవడం వల్లనే. కెమెరా చెడిపోయిందని కంగారు పడి దుకాణానికి పరుగెత్తవద్దు. ఇది నేను చేసిన పని.

1997లో పాల్ డెబెవెక్, మన దేశంలోని మథురలో పుట్టిన జితేంద్ర మాలిక్ కలిసి, వేర్వేరు వెలుతురులతో తీసిన ఫోటోలను లెక్క ప్రకారం కలిపి ఒక్కటి చేసే పద్ధతిని ప్రకటించారు. లె గ్రే చేత్తో చేసినదాన్ని కంప్యూటరు చేసింది. 2010 నుంచి అది సెల్‌ఫోనులలోకి వచ్చింది. 2013లో గూగుల్ వారు ఇంకొక దారి తొక్కారు. వెలుతురు మార్చకుండా, కాస్త తక్కువ వెలుతురుతోనే వరుసగా చాలా ఫోటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సరాసరి కట్టడం. ఫోటోలోని ఇసుక రేణువుల వంటి మచ్చలు ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడతాయి కనుక సరాసరిలో అణిగిపోతాయి. అసలు దృశ్యం అన్నింటిలోనూ ఒకే చోట ఉంటుంది కనుక నిలుస్తుంది. నీడలో దాగినది పైకి తేలుతుంది.

మన అవసరాలకు వస్తే, ఇరవై మంది కూర్చున్న కుటుంబం ఫోటోకు వరుస షూటింగ్ పెట్టి ఐదారు తీయండి. ఎవరో ఒకరు కన్ను మూయని ఫోటో ఒక్కటైనా దొరుకుతుంది. ఎండ వేళ గుడి గోపురానికి, కిటికీ ముందు కూర్చున్న మనిషికి బ్రాకెటింగ్ మేలు. కెమెరాను స్టాండు మీదనో, గోడ మీదనో కదలకుండా ఉంచాలి. మూడూ కలపదలచుకుంటే మనుషులు కదలకూడదు, కదిలితే ఒకే మనిషికి రెండు ముక్కులు వస్తాయి. వేదిక మీద వెనుక వెలుతురు ఉండి, పదవీ విరమణ సభ ఫోటోలో ముఖాలన్నీ నల్లగా వచ్చినవారు మన సంఘంలో నేనొక్కడినే కాదనుకుంటాను.

పోయిన ఏడాది సెలవులకు వచ్చినప్పుడు మా మనవడు నా పాత కవర్లు సర్దుతూ, మిత్రుడు తీసిన ఆ ఐదు నెగటివులు చూశాడు. ప్రింట్లతో పాటు అవి కూడా నా దగ్గరే ఉండిపోయాయి. "తాతా, ఐదూ ఒకే రకంగా ఉన్నాయే" అన్నాడు. అదే వాటి లోపం నాయనా, వెలుతురు మార్చకుండా తీశాడు అన్నాను. వాడు ఏమీ అనకుండా వాటిని స్కానరులో పెట్టి కంప్యూటరులోకి ఎక్కించాడు. ఐదు సూర్యబింబాలనూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చడానికే ఒక పూట పట్టింది. తరువాత సరాసరి కట్టి, నీడలను కొద్దిగా పైకి లేపాడు.

రేణువులు చాలావరకు అణిగాయి. నల్లని చుక్క చుట్టూ ఉన్న వెంట్రుక గీత కాస్త మందమైంది. దాని కుడి పక్కన, ఒక మూల, మసకగా రెండు రేకలు కనపడ్డాయి. పాలెం ఫోటో పక్కన పెట్టి తిప్పి చూసుకున్నాము. అవి ఉండవలసిన చోటనే ఉన్నాయి.

పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి నల్లగొండ తీసుకువెళ్ళాను. వదినగారు కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆయన రీలంతా పాడైందని ఎన్నాళ్ళో బాధపడ్డాడు" అన్నారు. ఫోటోను హాల్లో ఆయన ఫోటో కిందనే తగిలించారు.